ఆఖరి రీలూ ఎల్లం గుండూ

మెదక్ బజారులో మన్సూర్ దుకాణానికి బోర్డు లేదు. గుమ్మం పక్కన మేకుకు ఒక పాత కుట్టుమిషను చక్రం వేలాడుతుండేది. అదే గుర్తు. కుట్టుమిషన్లు, పెట్రోమాక్స్ దీపాలు, టైంపీసులు, గ్రామఫోన్లు, తాళాలు, ఒక్క మాటలో చెప్పాలంటే స్క్రూ ఉన్న ప్రతి వస్తువూ చెడిపోతే అక్కడికే వచ్చేది. తండ్రి జలాల్ మియా దర్జీ. ఆయన మిషను ఆగినప్పుడల్లా విప్పి చూసి మన్సూర్ ఈ విద్య నేర్చుకున్నాడు. ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. మాట తక్కువ. ఎవరైనా వస్తువు తెచ్చి దాని కథంతా చెప్పబోతే, "వస్తువు ఈడ పెట్టుండ్రి, అదే చెప్తది" అనేవాడు.

ఒకసారి క్రైస్తవ మిషన్ దవాఖానలో పనిచేసిన ఒక దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ సామాను హరాజు వేసింది. మంచాలు, కుర్చీలు, పింగాణీ పళ్లేలు క్షణాల్లో పోయాయి. చివరికి తోలు పెట్టెలో ఒక సినిమా కెమెరా మిగిలింది. పక్కనున్న తాళంచెవిలాంటి చావీ తిప్పితే కిర్రుమనడం తప్ప కదిలేది కాదు. ఎవరూ అడగలేదు. మన్సూర్ అడిగి తెచ్చుకున్నాడు.

విప్పి చూస్తే లోపల చుట్టలా ఉండే స్ప్రింగు, కమాను, కొస విరిగి ఉంది. మెదక్‌లో కాదు కదా, హైదరాబాదులో కూడా అలాంటి కమాను దొరకదు. మన్సూర్ విరిగిన కొసను దీపం మంటలో కాల్చి మెత్తబరిచాడు. దానికి కొత్త తూటు పొడిచి కొక్కేనికి తగిలించాడు. చావీ తిప్పాడు. కెమెరా సన్నని చప్పుడుతో నిలకడగా తిరిగింది. అయితే కొస తెగినందువల్ల కమాను పొట్టిదైంది. ఒకసారి చావీ ఇస్తే, గ్లాసుడు నీళ్లు తాపీగా తాగినంత సేపే తిరిగేది. తరువాత ఆగిపోయేది.

ఆ శబ్దం విన్న రోజు నుంచి మన్సూర్‌కు నిలకడ లేదు. అంతవరకు ఆయన చేతిలో బాగుపడిన ప్రతి వస్తువూ ఇంకొకరిది. ఇంకొకరు చేసినది. తాను మొదటి నుంచి చివరిదాకా చేసిన వస్తువు ఒక్కటైనా ఉండాలని మనసులో పడింది. ఒకరోజు అన్నం తింటూ భార్య జైనాబ్‌తో అన్నాడు.

"ఒక సిన్మా తీస్త."

జైనాబ్ గిన్నె మీంచి తల ఎత్తలేదు. "తీస్తే తియ్యుండ్రి. గని మధ్యల ఇడిసిపెడితే నేను ఊకోను. అటక మీద ఇప్పటికే మూడు సగం గడియారాలు ఉన్నయి."

కథ కూడా మన్సూర్ దగ్గర చిన్నదే. మంజీర నది మీద పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, నడిపే ఒకడు. వరదలో భార్య పోతే తెడ్డు చూరులో దోపి, ఇక నది మొహం చూడనంటాడు. కొన్నేళ్లకు మళ్లీ వరద. నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషిని అవతలి ఒడ్డు దవాఖానకు చేర్చాలి. పుట్టి నడపగలవాడు వాడొక్కడే. వాడు తెడ్డు దించుతాడు. అంతే. సినిమా పేరు కూడా 'తెడ్డు'.

పుట్టివాడి వేషానికి హవేలిఘనపూర్ ఎల్లం దొరికాడు. పగలు వరి పొలం, పండుగలకు బాగోతం. భుజాల మీద పడే జుట్టు, బుగ్గల మీదికి తిరిగిన మీసం. నొప్పులు పడే మనిషి వేషానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి దవాఖాన నర్సు ఎలిశిబా తానే వచ్చింది. "దినాం చూస్తనే ఉంట కద. నాకంటె బాగ ఎవ్వలు పడ్తరు నొప్పులు?" అని నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం చర్చి ప్రార్థన అయ్యాక ఎలిశిబా వచ్చేది. పొలం పని చూసుకుని ఎల్లం వచ్చేవాడు. అందరికీ మొదట నేర్పవలసి వచ్చింది ఒక్కటే. ఏం చేసినా ఒక్క చావీలో అయిపోవాలి. బాగోతంలో ఒక్క పద్యంతో ఊరిని కూర్చోబెట్టే ఎల్లంకు ఇది మింగుడు పడలేదు. భార్య పోయిన సీనులో గుండె బాదుకోవడం మొదలుపెట్టి ఇంకా కన్నీళ్లకు రాకముందే కెమెరా టక్కున ఆగింది.

"అరె, ఇంక ఏడ్వనే లేదు భాయ్!"

"చావీ అయిపోయింది. జల్ది ఏడువు."

"ఏడుపు జల్ది వస్తదా? పెండ్లాం సచ్చిపోయింది, బస్సు తప్పిపోలేదు!"

"అయితె ముందే ఏడుస్తుండు. ఏడ్చినంక నేను తిప్పుత."

అలాగే చేశారు. ఎల్లం చాలాసేపు నిజంగానే ఏడ్చాడు. ఏడుపు అయిపోయి, తుడుచుకోవడం మరిచిపోయి నదివైపు చూస్తూ కూర్చున్నప్పుడు మన్సూర్ చావీ వదిలాడు. ఆ చూపు ఎంతో బాగా వచ్చింది. ఆ రోజు నుంచి ఎల్లం ఆ పద్ధతికి ఒప్పుకున్నాడు. చేయవలసినదంతా కెమెరా తిరగకముందే చేసేవాడు. తిరిగేటప్పుడు మిగిలినదే చూపించేవాడు.

రీళ్లు హైదరాబాదు నుంచి తేదీ దాటినవి తెచ్చేవాడు మన్సూర్. కడగడం ఇంట్లోనే. సాలెవాళ్లు పడుగు చుట్టే చట్రం చూసి, అలాంటిదే చిన్నది చెక్కపట్టీలతో చేసుకున్నాడు. రీలును దానికి చుట్టి, మందునీళ్ల తొట్టిలో తిప్పేవాడు. మొదటి రీలు మచ్చలు మచ్చలుగా వచ్చింది. బావినీళ్లలో సున్నం ఉందని తెలుసుకుని, అప్పటి నుంచి వాననీళ్లే పెద్ద మట్టి గోలేలలో పట్టి ఉంచేవాడు. జైనాబ్ వాటి మీద గుడ్డ కట్టి, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఒక్క నది దాటే సీను తప్ప అన్నీ అయ్యాయి. ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఘనపురం ఆనకట్ట దగ్గర ఇసుక తేలింది. చేపలు పట్టే వెంకట్రాములు తన పుట్టిని బోర్లించి దాని కింద మేకపిల్లల్ని కట్టేసుకున్నాడు. ఇంతలో హైదరాబాదు దుకాణంవాడు ఆ రకం రీళ్లు ఇక రావని చెప్పాడు. మన్సూర్ దగ్గర ఒక్క రీలు మిగిలింది. దానిని తడిలేని డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం పూసి దాచాడు.

బజారులో హోటలు నడిపే ఇంద్రకరణ్‌కు ఇదంతా మంచి కాలక్షేపమైంది. మన్సూర్ చాయ్‌కి వచ్చినప్పుడల్లా బెంచీల మీద అందరికీ వినపడేట్టు అడిగేవాడు.

"ఏం మన్సూర్ సాబ్, మీ కోడి ఇంక గుడ్ల మీదనే కూసున్నదా? పిల్లయితదా, కాదా?"

"పొదుగుతున్నది."

"రెండేండ్లాయె! గవి గుడ్లా, గుండ్లా?"

బెంచీలన్నీ నవ్వేవి. మన్సూర్ చాయ్ తాగి గ్లాసు బోర్లించి వచ్చేసేవాడు. కానీ ఆ మాట దుకాణం దాకా వెంట వచ్చేది. నది నిండకపోతే ఈ సినిమా అటక మీద నాలుగో సగం గడియారం అవుతుంది. అది ఆయనకు తెలుసు.

మరుసటి ఏడు శ్రావణంలో వాన పట్టుకుంది. విడవకుండా కురిసింది. ఏడుపాయల వనదుర్గమ్మ గుడి దగ్గర మంజీర పాయలన్నీ ఒక్కటై పారుతున్నాయని కబురు వచ్చింది. మన్సూర్ డబ్బా మైనం గీకాడు. కమానుకు నూనె వేశాడు. దుకాణం మూసి కెమెరా పెట్టెతో బస్సు ఎక్కబోతుంటే ఎదురుగా ఎల్లం వచ్చాడు. నెత్తి మీద తడి రుమాలు. మొహమంతా వెలుగు.

"భాయ్! నది నిండింది!"

"అవ్, తెలుసు. పా."

"నేనే నింపిన." ఎల్లం రుమాలు తీశాడు.

నున్నటి గుండు. మీసం కూడా లేదు. పసుపు రాసిన తల మీద వానచుక్కలు జారుతున్నాయి.

మన్సూర్ పెట్టె కింద పెట్టాడు.

"ఎండకాలం మొక్కుకున్న భాయ్, ఎవ్వలకు చెప్పలే. 'వనదుర్గమ్మా, మా సిన్మా కోసం నది నింపు, జుట్టు, మీసం అన్ని నీకే ఇస్త' అని. తల్లి మాట నిలవెట్టుకున్నది. నేను ఆలస్యం జేస్తె బాగుంటదా? పొద్దుగాల్నే పోయి ఇచ్చి వచ్చిన."

"ఎల్లం," అన్నాడు మన్సూర్ చివరికి, "సిన్మాల నీకు జుట్టు ఉన్నది."

ఎల్లం నవ్వు అలాగే ఉంది. తరువాత మెల్లగా తగ్గింది. చెయ్యి పై పెదవి దగ్గరికి వెళ్లి, అక్కడ ఏమీ లేక, గదవ మీదికి జారింది.

"అయ్యో," అన్నాడు. "అది యాది లేకపాయె."

మన్సూర్ కోప్పడలేదు. కోప్పడదామన్నా దారి లేదు. ఎల్లంను వెంటబెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చాడు. జైనాబ్ విని, ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత గట్టిగా చెప్పింది. "ఆయన్ను ఏమనకుండ్రి జీ. మన్నత్ మన్నతే. నేను గూడ దర్గాల దారం కట్టిన మీ సిన్మాకు. తీరినంక పోయి విప్పకుంటె నాకు నిద్ర పడ్తదా?"

బాగోతం పెట్టెలోని పెట్టుడు జుట్టు తెచ్చి చూశారు. దీపాల వెలుగులో, దూరం నుంచి అది జుట్టే. పగటి వెలుగులో, కెమెరా ముందు గొర్రె ఉన్ని. పైగా వానకు తడిసి ఒక పక్కకు జారింది. పెట్టుడు మీసం ఎల్లం నోట్లోకి వచ్చింది. అతను ఉమ్మేసి, తల దించుకుని అరుగు మీద కూర్చున్నాడు. మళ్లీ జుట్టు పెరిగేసరికి వరద తీస్తుంది. వచ్చే ఏడు వాన ఏమవుతుందో, మైనం గీకిన డబ్బాలో రీలు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

రబ్బరు షీటు చంకన పెట్టుకుని ఎలిశిబా వచ్చింది. కెమెరా తడవకుండా కప్పడానికి దవాఖాన నుంచి అడిగి తెచ్చింది. ఎల్లంను చూసి సంగతి తెలుసుకుని, నవ్వాలో వద్దో తెలియక నిలబడింది.

"మొక్కు గదా, ఏం జేస్తరు," అంది. "మా దవాఖానల గూడ గంతే. ఆపరేషన్ అంటె సాలు, ముందు ఒక మొక్కు. అయినంకనే బల్ల మీదికి ఎక్కుతరు."

మన్సూర్ తల ఎత్తాడు. కాసేపు ఎలిశిబానూ, కాసేపు ఎల్లం గుండునూ చూశాడు. చెడిపోయిన మిషను ముందు కూర్చున్నప్పుడు ఉండే చూపు అది.

"ఎల్లం, ఒకటి చెప్పు. నది మీద అలిగి తెడ్డు దాసిపెట్టినోడు, మల్ల గా నదిల దిగాలె. దిగేముందు ఏం జేస్తడు?"

"ఏం జేస్తడు... మొక్కుతడు."

"ఉత్తగనే మొక్కుతడా?"

"ఉత్తగ ఎట్ల మొక్కుతడు? ఏదో ఒకటి ఇయ్యాలె గదా..." ఎల్లం చెయ్యి తనంతట తానే గుండు మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. "అరె భాయ్!"

"పా," అన్నాడు మన్సూర్. "బస్సు ఉన్నది ఇంక."

ఏడుపాయల్లో పొద్దున ఎల్లంకు గుండు చేసిన మంగలే దొరికాడు. గొరిగిన తలను మళ్లీ గొరగాలంటే అతడు ఒప్పుకోలేదు. ఏముందని గొరగాలి అన్నాడు. కత్తి ఆనించవద్దు, ఆడించు చాలు అని ఒప్పించారు. రాళ్ల మీద అంతకుముందు ఎవరో ఇచ్చిన జుట్టు కుప్పగా ఉంది. మన్సూర్ కెమెరాను ఎల్లం భుజం దగ్గరికి తెచ్చాడు. తల కనిపించదు. భుజం, వెనక నది. పైనుంచి మంగలి గుప్పెడు గుప్పెడుగా జుట్టు వదిలాడు. అది ఎల్లం భుజం మీద పడి, తడి చర్మానికి అంటుకుని, జారింది. ఒక చావీ. తరువాత నీళ్లలో మునిగి లేస్తున్న గుండు. ఇంకో చావీ. దీనికి ముందు అతికించడానికి పాత ముక్క ఉండనే ఉంది. ఏడ్చి అలిసిపోయి, ఇంత జుట్టుతో నదివైపు చూస్తూ కూర్చున్న ఎల్లం.

రీలులో మిగిలినది దాటడానికి సరిపోవాలి.

వెంకట్రాములు మేకపిల్లల్ని విప్పి తన పుట్టి నీళ్లలో పెట్టాడు. తమ్ముడి దగ్గర ఇంకోటి తెచ్చాడు. చిక్కు ఏమిటంటే, పుట్టి గుండ్రటిది. వరదలో పడితే బొంగరంలా తిరుగుతుంది. కెమెరా ఉన్న పుట్టి ఒకవైపు తిరుగుతూ, ఎల్లం పుట్టి ఇంకోవైపు తిరుగుతుంటే సినిమాలో చెట్లు తప్ప ఏమీ పడవు. మన్సూర్ రెండు పుట్టీల అంచులకు అడ్డంగా ఒక వెదురుబొంగు కట్టించాడు. రెండూ కలిసి తిరిగితే, ఒకదానిలోంచి చూస్తే రెండోది కదలకుండా ఉంటుంది. వెనక లోకమే తిరుగుతుంది.

"ఇట్ల కడితె తిప్పుడు కష్టం సాబ్," అన్నాడు వెంకట్రాములు.

"మునుగుతదా?"

"మునగది. గని సక్కగ పోదు."

"సక్కగ పోవద్దు. గదే గావాలె."

పుట్టి అడుగున పడుకున్న ఎలిశిబాకు ఈత రాదు. "మన్సూర్ భాయ్, నేను నొప్పులు పడుతున్నట్టు చెయ్యను," అని అరిచింది. "నిజంగనే భయమైతున్నది. గదే తీసుకోండ్రి!"

నడిమి పాయకు చేరేసరికి నీళ్ల హోరులో మాట వినబడడం మానేసింది. రబ్బరు షీటు కింద మోకాళ్ల మీద కూర్చుని మన్సూర్ చావీ వదిలాడు. ఎల్లం తెడ్డు వేస్తున్నాడు. గుండు మీద వాన. ఉన్నట్టుండి ఒక మొద్దు కొట్టుకొచ్చి తెడ్డుకు తగిలింది. తెడ్డు చేతిలోంచి ఎగిరిపోయింది. ఇది కథలో లేదు. ఎల్లం సగం ఒళ్లు బయటికి వేసి, నీళ్లలో పోతున్న తెడ్డు కొస పట్టుకున్నాడు. ఆ ఊపుకు పుట్టి ఒరిగింది. ఎలిశిబా లేచి రెండు చేతులా అతని కాళ్లు పట్టుకుని వెనక్కి లాగింది. కెమెరా పుట్టి నడుపుతున్న వెంకట్రాములు ఏదో అరుస్తున్నాడు. మన్సూర్ కెమెరా దించలేదు. ఆయన పొట్టి కమాను ఆ ఒక్కసారి ఎల్లం తెడ్డు మళ్లీ నీళ్లలో వేసేదాకా తిరిగి, అప్పుడు ఆగింది.

ఆఖరి చావీ ఒడ్డు దగ్గర. ఎల్లం దిగి, ఎలిశిబాను చేతుల మీద ఎత్తుకుని నీళ్లలోంచి నడుస్తుంటే, కెమెరా లోపల రీలు కొస టపటప కొట్టుకుంది. అయిపోయింది.

ఏం పడిందో, ఏం పడలేదో కడిగితే గాని తెలియదు. ఆ సాయంత్రమే మన్సూర్ గోలెంలోని వాననీళ్లు వడగట్టి తొట్టి నింపాడు. తలుపు సందులకు జైనాబ్ పాత గుడ్డలు కుక్కింది. చట్రం తిప్పుతున్నంతసేపూ ఆమె బయట అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి పంపింది. మరునాడు ఆరిన రీలును మన్సూర్ కిటికీ వెలుగులో పట్టి, వేళ్ల మధ్య మెల్లగా జరుపుతూ చూశాడు. భుజం మీద పడుతున్న జుట్టు ఉంది. తెడ్డు ఎగిరిపోవడం ఉంది. పట్టుకోవడం ఉంది. ఆఖరున, ఎల్లం ఒడ్డెక్కే చోట రీలు కొసకు వెలుగు తగిలి, బొమ్మ కొంచెం కొంచెంగా తెల్లబడి పూర్తిగా తెలుపులో కలిసిపోయింది.

అది తప్పు. కోసేయాలి. మన్సూర్ కత్తెర తీశాడు. ఇంకోసారి చూశాడు. కత్తెర పక్కన పెట్టాడు.

సినిమా చూపించడానికి మెషిను కావాలి. ఊరూరా తిరిగి ప్రభుత్వ వార్తాచిత్రాలు వేసే జీపు అప్పుడప్పుడు మెదక్ వచ్చేది. దాని ఆపరేటరు అమరేందర్ తన మెషినును కన్నబిడ్డలా చూసుకునే మనిషి. మన్సూర్ డబ్బా చూపగానే తల అడ్డంగా ఊపాడు.

"ఇంట్ల అతికించినవా? వద్దు భాయ్. ఒక్క అతుకు ఊడినా నా మెషిన్ పండ్లు ఇరుగుతయి."

మన్సూర్ రీలు కొస తీసి అతని చేతిలో పెట్టాడు. అమరేందర్ ఒక అతుకు మీద గోరు పెట్టి అటూ ఇటూ జరిపాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. ఇంకో అతుకు. ఇంకొకటి. చాలా దూరం అలా చూసుకుంటూ పోయి, రీలును జాగ్రత్తగా చుట్టి ఇచ్చాడు.

"పరదా ఎక్కడ కడ్తవు?" అన్నాడు.

ఖిల్లా కింద ఖాళీ జాగాలో, జైనాబ్ కుట్టిన తెల్ల లట్ఠా గుడ్డ పరదా కట్టారు. పొద్దు గూకేసరికి బజారంతా అక్కడే ఉంది. సినిమాలో మాటలు లేవు కాబట్టి పరదా వెనక ఎల్లం, అతని బాగోతం జట్టు హార్మోనియంతో కూర్చున్నారు. పుట్టివాడి మాట ఎల్లం చెప్తాడు. ముందు వరసలో ఇంద్రకరణ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "నవ్వుదమని వచ్చిన," అని పక్కవాళ్లకు చెప్పుకున్నాడు.

మొదట నవ్వులే. హవేలిఘనపూర్ వాళ్లు తమ ఎల్లంను చూసి ఈలలు వేశారు. దవాఖానవాళ్లు సిస్టరమ్మ అని కేకలు పెట్టారు. వరద వచ్చింది. ఎల్లం నదివైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చోట పెద్ద పద్యం అందుకుందామని ఎల్లం గొంతు సవరించుకున్నాడు. పరదా పక్క నుంచి మన్సూర్ చెయ్యి ఎత్తి వద్దన్నాడు. హార్మోనియం కూడా ఆగింది.

పరదా మీద భుజం. దాని మీద జుట్టు పడుతోంది. మెషిను తిరిగే చప్పుడు ఒక్కటే ఉంది. నీళ్లలోంచి గుండు లేచింది.

జనంలో ఎక్కడో ఒక ముసలామె పైకే అంది. "అమ్మకు ఇచ్చిండు. ఇగ దాటుతడు."

ఆ ఒక్క మాటతో మైదానం కదిలింది. తెడ్డు ఎగిరిపోయినప్పుడు మగవాళ్లు లేచి నిలబడ్డారు. ఎల్లం నీళ్లలోకి ఒరిగితే "పట్టు! పట్టు!" అని అరిచారు. పరదా వెనక ఎల్లం కూడా తన మాట చెప్పడం మరిచి, తనకు తానే "పట్టు!" అని అరిచాడు. పట్టుకున్నాడు. ఒడ్డెక్కాడు. బొమ్మ తెల్లబడుతూ, తెల్లబడుతూ ఎల్లంనూ సిస్టరమ్మనూ నిండా వెలుగులో కలుపుకుంది. ఎవరూ రీలు కొస అనుకోలేదు. తెల్లవారిందనుకున్నారు. వెనక నుంచి గాలికి పరదా ఉబ్బింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చిమ్మి పరదా మీద పడ్డాయి.

ఇంద్రకరణ్ కుర్చీ మీద నిలబడి ఉన్నాడు. ఎప్పుడు ఎక్కాడో అతనికే తెలియదు.

"మన్సూర్ సాబ్! మల్ల తిప్పమనుండ్రి!"

"గుడ్లా, గుండ్లా?" అడిగాడు మన్సూర్.

"పిల్లయింది సాబ్. కూత గూడ ఏసింది. తిప్పుండ్రి, తిప్పుండ్రి!"

అమరేందర్ అప్పటికే రీలు వెనక్కి చుడుతున్నాడు. అతుకు ఒక్కటీ ఊడలేదు.

ఆ చలికాలమంతా జీపుతోపాటు 'తెడ్డు' శివ్వంపేట వెళ్లింది, కుల్చారం వెళ్లింది. ఎల్లంకు ఒక్కటే ఇబ్బంది. జుట్టు అటు గుండూ ఇటు పొడుగూ కాకుండా పెరిగేసరికి, పరదా మీది పుట్టివాడు ఇతనే అంటే ఊళ్లవాళ్లు నమ్మడం మానేశారు. కుల్చారంలో అతన్ని పరదా వెనకకు రానివ్వలేదు కూడా. మరునాడే వెళ్లి మళ్లీ గుండు చేయించుకుని వచ్చాడు. మన్సూర్ పొద్దున్నే దుకాణం తెరిచి, ఎప్పటిలాగే మిషన్లు విప్పేవాడు. మేకుకు వేలాడే చక్రం పక్కన జైనాబ్ ఎల్లం పోగొట్టుకోని ఆ తెడ్డును కూడా వేలాడదీసింది. అటక మీది మూడు సగం గడియారాలూ ఒక్కొక్కటే కిందికి దిగి తిరగడం మొదలుపెట్టాయి.

ఒకరోజు ఎల్లం గుండు తడుముకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"భాయ్, ఇంకోటి తీద్దమా?"

మన్సూర్ స్క్రూ బిగించడం ఆపలేదు. "తీద్దం. గని ముందు, ఏమేం మొక్కుకున్నవో అన్ని చెప్పు."